విద్యుత్ కారులో ఆటోక్రాస్: టైర్లు, చక్రాల ఎంపిక

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- టైరుకూ నేలకూ మధ్య పట్టు ఎలా ఏర్పడుతుందో, బరువుతో అది ఎలా మారుతుందో వివరించగలుగుతారు.
- టైరు పక్క గోడ మీద ముద్రించిన అంకెలను చదివి, వ్యాసాన్నీ మోయగల బరువునూ లెక్కకట్టగలుగుతారు.
- విద్యుత్ కారుకు టైరు, రిమ్ము ఎంచుకునేటప్పుడు పెట్రోలు కారు కంటే అదనంగా ఏమేమి చూడాలో చెప్పగలుగుతారు.
- ఉన్న డబ్బును దేని మీద ముందు, దేని మీద తరువాత ఖర్చు పెట్టాలో నిర్ణయించుకోగలుగుతారు.

2. పరిచయం

కె.గంగవరం మండలంలోని కోటిపల్లి నుంచి ద్రాక్షారామం మీదుగా రామచంద్రపురం వెళ్ళే దారిలో కోతల కాలంలో ప్రయాణించిన వారికి ఒక అనుభవం ఉండే ఉంటుంది. రోడ్డుకు ఒక పక్కన ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఎదురుగా బస్సు వస్తుంది. మన బండిని ధాన్యం మీదికి దింపక తప్పదు. దింపాక బ్రేకు తొక్కితే బండి ఆగదు, జారుతుంది. టైరు మారలేదు, బ్రేకు మారలేదు, నడిపే మనిషీ మారలేదు. మారింది టైరు కింద ఉన్న పట్టు ఒక్కటే. నలభై ఏళ్ళ క్రితం స్కూటరు మీద నేను నేర్చుకున్న మొదటి ఘర్షణ పాఠం అదే. పుస్తకంలోని సూత్రం నాకు ఆ తరువాతే నిజంగా అర్థమయింది.

ఆటోక్రాస్ ఆ పట్టుకు పెట్టే పరీక్ష. ఈ పాఠం చదివే మీలో పోటీ కోసం వేరే కారు కొనగలిగే వారు తక్కువ. ఇంట్లో ఉన్న ఒకే విద్యుత్ కారును ఆదివారం మైదానానికి తీసుకువెళ్ళి, సోమవారం అదే కారులో అమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్ళేవారే ఎక్కువ. అందువల్ల మనం వేసుకోవలసిన ప్రశ్న "ఏ టైరు వేగంగా పోతుంది?" అన్నది మాత్రమే కాదు. "ఆదివారం కోసం తీసుకున్న నిర్ణయం సోమవారం ఎవరి ప్రాణం మీదికి వస్తుంది?" అన్నది కూడా. రెండింటికీ జవాబు ఒకే భౌతికశాస్త్రంలో ఉంది.

3. ఆటోక్రాస్ అంటే ఏమిటి?

చదునైన పెద్ద మైదానంలో ప్లాస్టిక్ శంకువులను నిలబెట్టి మెలికల దారి ఏర్పాటు చేస్తారు. ఒకసారికి ఒక కారే పరుగు తీస్తుంది. పోటీ గడియారంతోనే. అమెరికాలో 1944లో ఏర్పడిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా ఈ పోటీలను "సోలో" పేరుతో నిర్వహిస్తుంది. శంకువును పడగొడితే సమయానికి 2 సెకన్లు కలుపుతారు. ఒక పరుగు సాధారణంగా ఒక నిమిషం లోపే ముగుస్తుంది. వేగం హైవే వేగాన్ని మించడం అరుదు. అయితే ప్రతి రెండు మూడు సెకన్లకూ ఒక మలుపు, ఒక బ్రేకు, ఒక తోపు ఉంటాయి.

ఆటోక్రాస్ అన్న పేరుకు అన్ని చోట్లా ఒకే అర్థం లేదు. ఐరోపాలో ఈ పేరుతో మట్టి దారి మీద పోటీలు జరుగుతాయి. మన దేశంలోనూ మట్టి నేల మీద జరిగేవి ఉన్నాయి. కాబట్టి టైరు కొనే ముందు నిర్వాహకులను అడగవలసిన మొదటి ప్రశ్న: "నేల తారా, సిమెంటా, మట్టా?" ఈ పాఠంలో తారు లేదా సిమెంటు నేలనే తీసుకుంటున్నాం.

విద్యుత్ కార్ల పందెం తెలుగువారికి కొత్త కాదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున, సచివాలయం, ఎన్టీఆర్ మార్గ్ ప్రాంతంలో, సుమారు 2.8 కిలోమీటర్ల వీధి మార్గం మీద ఫార్ములా ఇ పోటీ జరిగింది. భారతదేశంలో జరిగిన మొదటి ఫార్ములా ఇ పోటీ అదే. డీఎస్ పెన్స్కే జట్టుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్లు డ్రైవరుతో కలిపి కనీసం 840 కిలోలు తూగాలి. అన్ని జట్లకూ హాంకూక్ సంస్థ ఇచ్చిన ఒకే రకం 18 అంగుళాల టైర్లే. వాటికి గాళ్ళు ఉంటాయి. ఎండలోనూ వానలోనూ అవే వాడాలి. అంత ఖరీదైన పోటీలో కూడా ఒకే టైరు రెండు రకాల వాతావరణానికీ పనికివచ్చేలా ఎంచుకున్నారన్న విషయం గుర్తుపెట్టుకోండి. మన అవసరం కూడా అలాంటిదే.

4. పట్టు: రెండు ముఖ్య సూత్రాలు

4.1 బరువు పెరిగినంతగా పట్టు పెరగదు

ఇంటర్మీడియట్‌లో మీరు చదివిన సూత్రం ప్రకారం ఘర్షణ బలం అభిలంబ చర్యకు అనులోమానుపాతంలో ఉంటుంది. ఘర్షణ గుణకం స్థిరం. చెక్క దిమ్మకు ఇది చాలావరకు సరిపోతుంది. రబ్బరుకు సరిపోదు. టైరు మీద భారం పెరిగే కొద్దీ దాని ఘర్షణ గుణకం కొద్దికొద్దిగా తగ్గుతుంది. భారం రెట్టింపయితే పట్టు రెట్టింపు కంటే తక్కువగానే పెరుగుతుంది.

విద్యుత్ కారుకు ఇది కీలకం. 2020లో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీని ఉదాహరణగా తీసుకుందాం. దాని బరువు సుమారు 1,400 కిలోలు. బ్యాటరీ వల్ల అదే తరహా పెట్రోలు కారు కంటే ఎక్కువ బరువు. బరువు ఎక్కువ కాబట్టి మలుపు తిరగడానికి కావలసిన అభికేంద్ర బలమూ ఎక్కువ. కానీ టైరు పట్టు అదే నిష్పత్తిలో పెరగలేదు. అయితే ఒక ఊరట ఉంది. బ్యాటరీ నేలకు దగ్గరగా ఉండటం వల్ల గురుత్వ కేంద్రం కిందికి దిగుతుంది, మలుపులో బయటి చక్రాల మీదికి బదిలీ అయ్యే భారం తగ్గుతుంది.

ఆ బదిలీని లెక్కకడదాం. కారు, డ్రైవరు కలిపి 1,500 కిలోలు. గురుత్వ కేంద్రం ఎత్తు 0.55 మీటర్లు, కుడి ఎడమ చక్రాల మధ్య దూరం 1.55 మీటర్లు, మలుపులో పక్క త్వరణం గురుత్వ త్వరణంలో 0.8 వంతు అనుకుందాం. ఇవి లెక్క కోసం తీసుకున్న విలువలు.

బదిలీ అయ్యే భారం = 1,500 × 0.8 × 0.55 ÷ 1.55 = సుమారు 426 కిలోలు.

నిలకడగా ఉన్నప్పుడు ఒక్కో పక్క 750 కిలోలు ఉండేది. మలుపులో బయటి పక్క 1,176 కిలోలు, లోపలి పక్క 324 కిలోలు అవుతుంది. ముందు వెనుకలకు సమానంగా పంచినా బయటి ఒక్కో టైరు మీద 588 కిలోలు పడుతుంది. ఈ అంకెను గుర్తుంచుకోండి. 5వ భాగంలో మళ్ళీ కావాలి.

4.2 పట్టు ఒకటే, ఖర్చులు మూడు

మలుపు తిరగడానికీ, వేగం పెంచడానికీ, ఆపడానికీ టైరు ఒకే పట్టును పంచుకోవాలి. ఇది నెల జీతం లాంటిది. ఒక చోట ఎక్కువ ఖర్చు పెడితే మరో చోటికి మిగలదు. మొత్తం పట్టు కారు భారంలో 0.9 వంతు అనుకోండి. మలుపుకే 0.8 వాడేస్తే ముందుకు తోయడానికి మిగిలేది:

√(0.9 × 0.9 − 0.8 × 0.8) = √0.17 = 0.41 మాత్రమే.

మలుపుకు 0.54 వాడితే తోపుకు 0.72 మిగులుతుంది. పెట్రోలు ఇంజను వేగం అందుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది. ఆ ఆలస్యం డ్రైవరు పొరపాటును కొంత కప్పిపుచ్చుతుంది. విద్యుత్ మోటారు నిశ్చల స్థితి నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది. మన ఉదాహరణ కారులో ఆ టార్క్ 245 న్యూటన్-మీటర్లు, అదీ ముందు చక్రాలకే. మలుపు మధ్యలో పెడల్ గట్టిగా తొక్కితే ముందు టైర్లు జీతానికి మించి ఖర్చు పెట్టినట్టు అవుతుంది. కారు తిరగడం మానేసి నేరుగా శంకువుల మీదికి పోతుంది.

పెడల్ వదిలినప్పుడు కూడా ఇదే లెక్క. మోటారు జనరేటరుగా మారి కారును ఆపుతుంది. దీన్నే పునరుత్పాదక బ్రేకింగ్ అంటారు. ముందు చక్రాల కారులో అది ముందు టైర్లనే పట్టుకుంటుంది. వెనుక చక్రాల కారులో వెనుక టైర్లను పట్టుకుని తోకను పక్కకు విసరగలదు. పైగా బ్యాటరీ పూర్తిగా నిండి ఉన్నప్పుడు ఈ బ్రేకింగ్ బాగా తగ్గిపోతుంది. అంటే పొద్దున మొదటి పరుగులోనూ మధ్యాహ్నం ఆఖరి పరుగులోనూ కారు ఒకేలా ప్రవర్తించకపోవచ్చు. పోటీ రోజున ఈ బ్రేకింగ్‌ను ఒకే స్థాయిలో ఉంచి, బ్యాటరీని అంచు దాకా నింపకుండా వెళ్ళడం మంచిది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
గురుత్వ కేంద్రం ఎత్తు 0.55కు బదులు 0.65 మీటర్లు అయితే, పై లెక్కలో బయటి ఒక్కో టైరు మీద ఎంత భారం పడుతుంది?

5. టైరు పక్క గోడ చదవడం

మన ఉదాహరణ కారు టైరు 215/60 ఆర్ 16. ఇందులో 215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 60 అంటే పక్క గోడ ఎత్తు వెడల్పులో 60 శాతం, అంటే 129 మి.మీ. ఆర్ అంటే రేడియల్ నిర్మాణం. 16 అంటే రిమ్ము వ్యాసం అంగుళాలలో, అంటే 406.4 మి.మీ. మొత్తం వ్యాసం = 406.4 + 129 + 129 = 664.4 మి.మీ.

ఆ తరువాత వచ్చే అంకె భార సూచిక. చాలామంది చదవకుండా వదిలేసేది ఇదే. 87 అంటే ఒక టైరు 545 కిలోలు మోయగలదు. 91 అంటే 615, 94 అంటే 670, 95 అంటే 690, 98 అంటే 750 కిలోలు. పక్కనున్న అక్షరం వేగ పరిమితి: టి అంటే గంటకు 190 కి.మీ., హెచ్ అంటే 210, వి అంటే 240.

ఇప్పుడు దుకాణంలో మీ ముందు మూడు మార్గాలు ఉన్నాయనుకోండి.

మొదటిది, అదే 215/60 ఆర్ 16, సూచిక 95. వ్యాసంలో మార్పు లేదు.

రెండవది, 215/55 ఆర్ 17. వ్యాసం 668.3 మి.మీ.; తేడా 0.6 శాతమే. కానీ మామూలు నిర్మాణంలో సూచిక 94, అంటే 670 కిలోలు. కంపెనీ ఇచ్చిన దాని కంటే తక్కువ. ఎక్స్‌ఎల్ అని ముద్రించిన బలవర్ధిత రకం అయితే సూచిక 98. తీసుకుంటే అదే తీసుకోవాలి.

మూడవది, చూడటానికి అన్నిటికంటే అందమైనది, 225/45 ఆర్ 17. వ్యాసం 634.3 మి.మీ.; 4.5 శాతం తక్కువ. కారు నేలకు 15 మి.మీ. దగ్గరవుతుంది. స్పీడోమీటరు 60 చూపుతున్నప్పుడు అసలు వేగం సుమారు 57. మామూలు రకంలో సూచిక 91, అంటే 615 కిలోలు. మనం మలుపులో లెక్కకట్టిన 588కి ఇది ఎంత దగ్గరో చూడండి. ఆ లెక్కలో బ్రేకు వల్ల ముందుకు వచ్చే భారాన్ని ఇంకా కలపలేదు. దీనికి తోడు పక్క గోడ 101 మి.మీ.కి తగ్గింది. వానాకాలంలో నీటి కింద కనపడని గుంతలో పడితే రిమ్ము అంచు వంగేది ఇలాంటి టైర్లతోనే.

నియమం: భార సూచిక, వేగ సూచిక కంపెనీ ఇచ్చిన వాటి కంటే ఎన్నడూ తగ్గకూడదు. వ్యాసంలో తేడా 2 శాతం లోపు ఉంచండి. 3 దాటితే వద్దు. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉందో లేదో చూడండి. తయారీ తేదీని సూచించే నాలుగు అంకెలు చదవండి: 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
ఒక కారు అసలు టైరు 175/65 ఆర్ 14. దానికి 185/60 ఆర్ 15 వేయవచ్చా?

6. రబ్బరు ఎంపిక

టైరు దొర్లేటప్పుడు రబ్బరు నలిగి మళ్ళీ సాగుతుంది. నలిపినప్పుడు ఇచ్చిన శక్తి అంతా తిరిగి రాదు; కొంత వేడిగా పోతుంది. దీన్ని శైథిల్య నష్టం అంటారు. విచిత్రం ఏమిటంటే, పట్టుకు మూలం కూడా ఈ నష్టమే. గరుకు రాళ్ళ మీద రబ్బరు నలిగి, వెంటనే తిరిగి లేవకపోవడం వల్లనే అది నేలను పట్టుకుంటుంది. ఈ రెండు నలుగుళ్ళ వేగం వేరు. గంటకు 60 కి.మీ. వేగంలో చక్రం సెకనుకు సుమారు 8 సార్లు తిరుగుతుంది. దొర్లుడు నష్టం ఆ లయలో జరుగుతుంది. నేల గరుకుదనం వల్ల రబ్బరు ఉపరితలం సెకనుకు వేల సార్లు, అంతకంటే ఎక్కువ సార్లు నలుగుతుంది. సిలికా కలిపిన రబ్బరుతో మొదటి నష్టాన్ని తగ్గించి రెండవదాన్ని నిలుపుకోవడం తయారీదారుల నైపుణ్యం.

కొత్త విద్యుత్ కారుతో వచ్చే టైర్లను ఒక్క చార్జింగుతో ఎక్కువ దూరం పోవడానికి వీలుగా, తక్కువ దొర్లుడు నిరోధంతో చేస్తారు. అవి చెడ్డ టైర్లు కావు. వాటి పని వేరు. పట్టు ఎక్కువ ఉన్న టైరు వేస్తే ప్రయాణ దూరం తగ్గుతుందని ముందే ఒప్పుకోవాలి.

అమెరికా పద్ధతిలో టైరు మీద అరుగుదల సంఖ్య ఒకటి ముద్రిస్తారు. 100 ప్రమాణం. సంఖ్య పెరిగే కొద్దీ టైరు నెమ్మదిగా అరుగుతుంది. సాధారణంగా రబ్బరు గట్టిగా ఉంటుంది. ఇంటి కార్ల టైర్లకు 400, 500 ఉండటం మామూలు. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా వీధి తరగతిలో కనీసం 200 ఉండాలన్నది నియమం. ఈ సంఖ్యను తయారీదారులే ప్రకటిస్తారు కాబట్టి ఒక కంపెనీ 200ను మరో కంపెనీ 200తో సూటిగా పోల్చకూడదు.

పూర్తి పందెపు టైరు ఇంకా జిగురుగా ఉంటుంది కదా, అదే కొనకూడదా అని మీరు అడగవచ్చు. రెండు కారణాల వల్ల వద్దు. మొదటిది, అది బాగా వేడెక్కాకే పట్టు ఇస్తుంది. ఒక నిమిషం పరుగులో వేడెక్కడానికి సమయం చాలదు. రెండవది, దానికి గాళ్ళు దాదాపు ఉండవు. నీరు బయటికి పోయే దారి లేకపోతే టైరు నీటి పొర మీద తేలుతుంది. అప్పుడు స్టీరింగు, బ్రేకు రెండూ పనిచేయవు. అరుగుదల సూచించే గుర్తులు 1.6 మి.మీ. దగ్గర ఉంటాయి. పోటీలో అరిగిన టైరు పొడి నేల మీద ఇంకా బాగానే పట్టుకోవచ్చు. అదే టైరు తొలకరి వానలో గోదావరి గట్టు రోడ్డు మీద ప్రమాదం. ధాన్యం మీద, ఇసుక మీద అయితే ఎంత ఖరీదైన రబ్బరైనా ఒకటే.

7. రిమ్ము ఎంపిక

తేలికైన అల్లాయ్ రిమ్ము వేస్తే కారు ఎగిరిపోతుందని చాలామంది నమ్మకం. లెక్క చూద్దాం. తిరిగే వస్తువుకు ముందుకు పోయే గతిజ శక్తితో పాటు భ్రమణ గతిజ శక్తి కూడా ఇవ్వాలి. రిమ్ము ద్రవ్యరాశి కేంద్రం నుంచి సుమారు 0.2 మీటర్ల దూరంలో, టైరు వ్యాసార్ధం 0.332 మీటర్లు అనుకుంటే, అదనపు వంతు (0.2 ÷ 0.332) వర్గం, అంటే 0.36. కాబట్టి రిమ్ములో తగ్గిన ప్రతి కిలో, త్వరణం విషయంలో 1.36 కిలోలతో సమానం. ఒక్కో రిమ్ముకు 3 కిలోలు తగ్గిస్తే నాలుగింటికి కలిపి 16 కిలోల లాభం. 1,500 కిలోల కారులో అది ఒక శాతం. ప్రచారంలో ఉన్నంత గొప్ప లాభం కాదు.

తేలిక రిమ్ము అసలు మేలు మరో చోట ఉంది. స్ప్రింగు కింద ఉండే బరువు తగ్గితే చక్రం ఎగుడుదిగుళ్ళను త్వరగా అనుసరిస్తుంది, టైరు నేలను వదలదు. వెడల్పు కూడా ముఖ్యం. 215/60 టైరు 6 నుంచి 7.5 అంగుళాల రిమ్ముకు సరిపోతుంది. అదే టైరును 7 అంగుళాల రిమ్ము మీద వేస్తే పక్క గోడ తక్కువగా వాలుతుంది. స్టీరింగు తిప్పగానే కారు స్పందిస్తుంది.

కొనే ముందు ఐదు విషయాలు సరిచూడండి: బోల్టుల సంఖ్య, వాటి వలయ వ్యాసం, మధ్య రంధ్రం కొలత, రిమ్ము లోపలికి ఎంత కూర్చుంటుందో చెప్పే ఆఫ్‌సెట్, రిమ్ము మోయగల బరువు. చివరిది బరువైన విద్యుత్ కారుకు మరీ ముఖ్యం. పెట్రోలు కారు కోసం చేసిన రిమ్ము బోల్టులు కుదిరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు.

8. గాలి పీడనం: ఖర్చు లేని మార్పు

డ్రైవరు తలుపు దగ్గర అంటించిన పీడనంతో మొదలుపెట్టండి. టైరు అంచు మీద సుద్దతో గీతలు గీసి ఒక పరుగు తీయండి. సుద్ద పక్క గోడ వైపు బాగా చెరిగిపోతే టైరు వాలిపోతున్నట్టు. 2 పీఎస్ఐ పెంచండి. నడిచే భాగం అంచు దాకా కూడా చెరగకపోతే కొంచెం తగ్గించండి. పక్క గోడ మీద ముద్రించిన గరిష్ఠ పీడనం ఎన్నడూ దాటకూడదు.

వేడికి పీడనం పెరుగుతుందని మరచిపోవద్దు. 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర గేజి 33 పీఎస్ఐ చూపితే, వాతావరణ పీడనం కలిపి 47.7. టైరు లోపలి గాలి 57 డిగ్రీలకు చేరితే, అంటే 300 నుంచి 330 కెల్విన్లకు పెరిగితే, అది 52.5 అవుతుంది. గేజి 37.8 చూపుతుంది. మే నెల ఎండలో బరువైన కారు రెండు మూడు పరుగులు తీస్తే ఈ మార్పు సులభంగా వస్తుంది. అందుకే పోటీదారులు ప్రతి పరుగు తరువాత కొలుస్తారు. టైరు మీద నీళ్ళు చల్లి చల్లబరుస్తారు. ఇంటికి బయలుదేరే ముందు, చల్లారాక, పీడనాన్ని మళ్ళీ తలుపు మీది అంకెకు తీసుకురావాలి.

9. నిర్ణయం

డబ్బు పరిమితమైనప్పుడు వరుస ఇలా ఉండాలి. మొదట నమ్మదగిన గాలి గేజి, నాలుగైదు పరుగుల సాధన, అదీ ఉన్న టైర్లతోనే. మీ చేతికి, పాదానికి నిదానం రాకముందు కొన్న జిగురు టైరు మీ తప్పులను దాస్తుంది, దిద్దదు. తరువాత, కంపెనీ కొలతలోనే, అదే భార సూచికతో, గాళ్ళు బాగా ఉన్న మంచి పట్టు టైర్లు. నాలుగూ ఒకే రకం. ఇంకా డబ్బు ఉంటే రెండవ జత రిమ్ములు కొని పోటీ టైర్లను వాటికి బిగించి ఉంచండి. సోమవారం పాత చక్రాలు తిరిగి ఎక్కించండి. బోల్టులను టార్క్ రెంచితో, కంపెనీ చెప్పిన మేరకే బిగించండి. అందమైన పెద్ద రిమ్ములు వరుసలో అన్నిటికంటే చివర.

చివరిగా ఒక మాట. శిరస్త్రాణం, నిర్వాహకులు, ఖాళీ మైదానం ఉన్న చోటే ఇది క్రీడ. కాలువ గట్టు రోడ్డు మీద సైకిలు తొక్కే పిల్లవాడు శంకువు కాదు. అక్కడ కలిపేది 2 సెకన్లు కాదు.

10. సారాంశం

రబ్బరు పట్టు భారంతో సమంగా పెరగదు. బరువైన విద్యుత్ కారుకు ఇది మొదటి పరిమితి. మలుపు, తోపు, బ్రేకు ఒకే పట్టును పంచుకుంటాయి. తక్షణ టార్క్, పునరుత్పాదక బ్రేకింగ్ ఆ పంపకాన్ని సున్నితం చేస్తాయి. టైరు ఎంపికలో భార సూచిక, వ్యాసం, గాళ్ళ లోతు ముందు చూడాలి. రిమ్ము ఎంపికలో బలం, వెడల్పు, తేలికదనం ఆ వరుసలో చూడాలి. పీడనం సరిచేయడం ఖర్చు లేకుండా లభించే మెరుగుదల.

11. మీ ప్రగతిని సరిచూసుకోండి - సమాధానాలు

1) బదిలీ అయ్యే భారం 1,500 × 0.8 × 0.65 ÷ 1.55 = సుమారు 503 కిలోలు. బయటి పక్క 1,253. ఒక్కో టైరు మీద సుమారు 627 కిలోలు. 91 సూచిక ఉన్న టైరు పరిమితి 615ను ఇది దాటుతుంది.
2) అసలు వ్యాసం 583.1 మి.మీ.; కొత్తది 603 మి.మీ. తేడా 3.4 శాతం. వేయకూడదు.

12. మాదిరి పరీక్ష ప్రశ్నలు

1) విద్యుత్ కారులో తక్షణ టార్క్ మలుపులో ముందు టైర్ల పట్టును ఎలా ప్రభావితం చేస్తుందో లెక్కతో వివరించండి.
2) శైథిల్య నష్టం పట్టుకూ, దొర్లుడు నిరోధానికీ ఎలా కారణమవుతుంది?
3) మీ ఇంట్లో లేదా పొరుగింట్లో ఉన్న ఒక కారు టైరు పక్క గోడను చదివి, వ్యాసం, భార సూచిక, తయారీ వారం రాయండి. ఆ టైరు గాళ్ళ లోతు అరుగుదల గుర్తుకు ఎంత దూరంలో ఉందో చూసి, యజమానికి మీరిచ్చే సలహాను ఒక పేరాలో రాయండి.